ఆదివారం బండి ఎవరిది?

ఆదివారం తెల్లవారుజామున ఏ హైవే పక్కన నిలబడినా ఈమధ్య ఒక దృశ్యం కనిపిస్తోంది. పది పదిహేను మోటారు సైకిళ్లు వరసగా పోతుంటాయి. వాటిమీద నల్ల జాకెట్లు, మోకాళ్లకి కవచాలు, మొహం కూడా కనిపించని పెద్ద హెల్మెట్లు. చూస్తే ఏ యుద్ధానికి బయల్దేరారో అనిపిస్తుంది. తీరా వాళ్లు వెళ్లేది వంద కిలోమీటర్ల అవతల ఇడ్లీ తిని రావడానికి! ‘బ్రేక్‌ఫాస్ట్ రైడ్’ అని దానికో పేరు. హైదరాబాద్ వాళ్లయితే అనంతగిరి కొండలకో, నాగార్జునసాగర్‌కో, శ్రీశైలం దారిలోకో వెళ్తారు. విశాఖ వాళ్లకి అరకు, లంబసింగి ఉండనే ఉన్నాయి. శని, ఆదివారాలు రెండూ కలిసొస్తే గండికోట, హంపి. చలికాలం వచ్చిందంటే ఏకంగా గోవా.

గోవా అనగానే సముద్రం కోసం అనుకుంటాం. వీళ్లు వెళ్లేది మోటారు సైకిళ్ల తిరనాళ్లకి. ‘ఇండియా బైక్ వీక్’ అనే ఉత్సవం 2013లో గోవాలోనే మొదలైంది. బుల్లెట్ కంపెనీవాళ్లు ‘రైడర్ మేనియా’ అని ఏటా జరుపుతూ వచ్చిన వేడుకకి 2023లో ‘మోటోవర్స్’ అని పేరు మార్చారు. కొత్త బళ్ల ప్రదర్శన, పాతబళ్లకి చేసిన సింగారాలు, ఒక చక్రం మీద విన్యాసాలు, బురదలో పందేలు, రాత్రికి పాటలు. హైదరాబాద్ నుంచి అక్కడికి ఆరువందల యాభై కిలోమీటర్ల పైమాటే. అయినా బండిమీదే వెళ్లాలి. అందులోనే ఉందిట మజా.

బాగానే ఉంది. వారమంతా కంప్యూటర్ ముందు కూర్చుని కళ్లు కాయలు కాచిన మనిషి రెండు రోజులు గాలి పీల్చుకుంటానంటే కాదనేదెవరు? కానీ ఆ బళ్ల వరసని కాస్త నిదానంగా చూడండి. ముందు కూర్చున్నవాళ్లలో ఆడవాళ్లెందరు? వెనక కూర్చున్నవాళ్లెందరు? అసలు ఆ వరసలోనే లేకుండా, ఇంట్లో తలుపు దగ్గర నిలబడి ‘నిదానంగా వెళ్లిరా’ అని పంపించినవాళ్లెందరు? ఈ మూడు ప్రశ్నలూ వేసుకుంటే, ఇది మగపిల్లల సరదా, మనకెందుకులే అని పేజీ తిప్పేసే విషయం కాదని తెలుస్తుంది.

ఈ సరదా ఎక్కణ్ణుంచి వచ్చింది?

మన పెద్దలకి మోటారు సైకిలంటే సరదా వస్తువు కాదు. మద్రాసులో 1955లో బుల్లెట్ల తయారీ మొదలైనప్పుడు వాటిని వాడింది సైన్యం, పోలీసులు. ఊళ్లలో మోతుబరి రైతుకో, కాంట్రాక్టరుకో ఉండేది. మధ్యతరగతి ఇంటికి స్కూటరే గొప్ప. భర్త నడపగా, ముందు పిల్లాడు నిలబడగా, వెనక భార్య ఒక పక్కకి కూర్చుని ఒళ్లో పాపని పెట్టుకోగా ఆ ఒక్క బండిమీదే సినిమాకీ, పెళ్లికీ, ఆస్పత్రికీ వెళ్లారు ఒక తరం వాళ్లు.

రెండు రోజుల వారాంతపు సెలవు మనవైపు బాగా అలవాటైంది సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలతో. హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ 1998లో తెరిచారు. ఆ తరవాత వచ్చిన తరానికి చేతిలో జీతం, బ్యాంకు వాయిదాల సదుపాయం, శని ఆదివారాల ఖాళీ, మూడూ ఒకేసారి దొరికాయి. ఒకప్పుడు అమ్ముడుపోక ఇబ్బందిపడ్డ బుల్లెట్ మళ్లీ కళకళలాడింది. అవసరానికి ఇంట్లో ఒక బండి ఉండగానే, ఆదివారం కోసం ఇంకో బండి వచ్చింది.

2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు ఉన్న బళ్ల మీద జీఎస్టీని 28 నుంచి 18 శాతానికి తగ్గించారు. అంతకు మించినవాటికి 40 శాతం చేశారు. మధ్యతరగతి కుర్రవాళ్లు మోజుపడే బళ్లు చాలావరకు ఆ 350 గీత లోపలే ఉన్నాయి. అంటే ఈ సరదా ఇంకా చిన్న ఊళ్లలోకి, ఇంకా చిన్న జీతాల్లోకి దిగుతుందన్నమాట. నిన్నటిదాకా మాదాపూర్ కబురు, రేపు మన మదనపల్లె కబురూ, మంచిర్యాల కబురూ అవుతుంది.

ఎవరి సెలవు, ఎవరి పని?

ఆదివారం అందరికీ సెలవే అంటారు. నిజంగానా? కేంద్ర గణాంక శాఖ 2024లో దేశమంతా తిరిగి, ఎవరు రోజులో ఏ పనికి ఎంత సమయం పెడుతున్నారో లెక్క కట్టింది. ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకి సగటున 289 నిమిషాలు దానికే పెడుతున్నారు. మగవాళ్లు 88 నిమిషాలు. అదీ అసలు ఆ పని ముట్టుకునే మగవాళ్ల లెక్క! ముట్టుకోనివాళ్లని కూడా కలిపితే ఎంతకి దిగుతుందో మీరే ఊహించుకోండి.

ఇప్పుడు ఆదివారం రైడ్ సంగతి చూడండి. ఆయన ఉదయం అయిదింటికి వెళ్లి పన్నెండింటికి వస్తాడు. ఆ ఏడు గంటలూ ఇంట్లో పాలవాడికి, పనిమనిషికి, పిల్లల హోంవర్కుకి, అత్తగారి మందులకి జవాబు చెప్పేది ఎవరు? అలసిపోయి వచ్చిన మనిషికి భోజనం, దుమ్ముకొట్టుకుపోయిన బట్టలకి నీళ్లు. అతని సెలవు ఆమె పనిదినం మీద నిలబడింది. ఇందులో అతను దుర్మార్గుడేం కాదు. ఆమె కూడా ‘పోన్లెండి, వారమంతా కష్టపడతారు’ అనే అంటుంది. ‘మరి నువ్వో?’ అని అడిగినవాళ్లు లేరు, అంతే.

‘నువ్వూ రావొచ్చు కదా’ అనే భర్తలూ ఉన్నారు. సంతోషమే. కానీ పిల్లల్నెవరు చూస్తారన్న ప్రశ్నకి జవాబు చెప్పకుండా పిలిచే పిలుపు, పెళ్లిలో మొహమాటానికి వడ్డించే రెండో లడ్డూలాంటిది. కావాలని కాదు, కాదనరాదని.

కాబట్టి మొదటి బేరం ఇక్కడే. నెలలో రెండు ఆదివారాలు అతని రైడ్ అయితే, మిగిలిన రెండు ఆదివారాలు ఉదయం ఏడు గంటలు ఆమెవి కావాలి. ఆమె బండే నడపనక్కర్లేదు. పుట్టింటికి వెళ్తుందో, లైబ్రరీకి వెళ్తుందో, తలుపేసుకుని పడుకుంటుందో ఆమె ఇష్టం. సరదాకి ఖరీదు పెట్రోలు ఒక్కటే కాదని ఇంట్లో తెలియాలి.

వెనక సీటు లెక్కలు

ఇక వెనక కూర్చునేవాళ్ల సంగతి. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో నూటికి 44 మందికి పైగా రెండు చక్రాల బళ్ల మీద వెళ్తున్నవాళ్లే. హెల్మెట్ పెట్టుకోకుండా చనిపోయినవాళ్లు 50,029 మంది. ఇందులో బండి నడుపుతున్నవాళ్లు 35,692. మిగిలిన 14,337 మంది వెనక కూర్చున్నవాళ్లు. అంటే రోజుకి దాదాపు 39 మంది. వాళ్ల చేతిలో హ్యాండిల్ లేదు, బ్రేకు లేదు. వేగం వాళ్లు నిర్ణయించలేదు. తప్పు ఎవరిదైనా తల మాత్రం వాళ్లదే.

వెనక సీటు మన దగ్గర ఎక్కువగా ఆడవాళ్లదని వేరే చెప్పాలా? భర్త తలకి హెల్మెట్, భార్య తలకి మల్లెపూలు. ఈ బొమ్మ మనకెంత అలవాటైపోయిందంటే అందులో వింతేమీ కనిపించదు. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ నడిపేవారితోపాటు వెనక కూర్చున్నవారికి కూడా హెల్మెట్ తప్పనిసరి అంటుంది. తలపాగా ధరించిన సిక్కులకి మాత్రమే మినహాయింపు. 2019 సవరణతో నాలుగేళ్లు దాటిన పిల్లల్ని కూడా చేర్చారు. పెట్టుకోకపోతే వెయ్యి రూపాయల జరిమానా. నాలుగేళ్లలోపు చిన్నారులకి కూడా 2023 ఫిబ్రవరి నుంచి ప్రత్యేక నియమం వచ్చింది. తొమ్మిది నెలలు దాటిన పాపకి తలకి రక్షణ, నడిపేవారితో కలిపి కట్టే బెల్టు ఉండాలి. బండి గంటకి 40 కిలోమీటర్లు మించకూడదు.

ఢిల్లీలో ఆడవాళ్లందరికీ హెల్మెట్ నుంచి చాలాకాలం మినహాయింపు ఉండేది. 2014లో గానీ అక్కడి ప్రభుత్వం దాన్ని తీసెయ్యలేదు. ఆ తరవాత కూడా సిక్కు మహిళలకి మాత్రం మినహాయింపు ఉంచారు. ఆడదాని తల మగవాడి తలకన్నా గట్టిదని ఏ డాక్టరూ చెప్పలేదు. మరి ఇన్నేళ్లూ ఆ మినహాయింపు మనకి గౌరవమా, నిర్లక్ష్యమా?

హెల్మెట్ పెట్టుకుంటే చనిపోయే ప్రమాదం నూటికి నలభై వంతులు, తలకి గాయమయ్యే ప్రమాదం డెబ్బై వంతుల దాకా తగ్గుతుందని వైద్య పరిశోధనలు తేల్చాయి. కొప్పు చెదురుతుంది, పూలు నలుగుతాయి అంటాం. కొప్పు బదులు మెడ దగ్గర వదులుగా జడ వేసుకుంటే హెల్మెట్ చక్కగా కూర్చుంటుంది. పూలు హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని గుడి దగ్గర పెట్టుకోవచ్చు. ఏ దేవుడూ ఏమీ అనుకోడు.

ఒక పక్కకి కాళ్లు వేసి కూర్చోవడం గురించి కూడా మాట్లాడుకోవాలి. అలా కూర్చున్నప్పుడు బరువంతా ఒకే వైపు పడుతుంది. హఠాత్తుగా బ్రేకు వేస్తే పట్టుకోవడానికి ఒక చెయ్యే మిగులుతుంది. రెండో చేతిలో పిల్లాడో, సంచో ఉండనే ఉంటుంది. పైగా చీర కుచ్చెళ్లు, చున్నీ కొస చక్రానికి దగ్గరగా వేలాడతాయి. చున్నీ చక్రంలో చుట్టుకుని మెడకి బిగుసుకున్న ప్రమాదాల గురించి మన దేశపు డాక్టర్లు ప్రత్యేకంగా వ్యాసాలే రాశారు. దూరప్రయాణానికి చుడీదార్ వేసుకుని రెండు వైపులా కాళ్లు వేసి కూర్చోవడమే క్షేమం. చున్నీ ముడివేసి జాకెట్టు లోపలికి దోపుకోవాలి, లేదా ఇంట్లోనే వదిలెయ్యాలి.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వ నియమం మన చీరకోసమే రాసినట్టుంటుంది. మోటారు సైకిల్‌కి వెనక కూర్చునేవారు పట్టుకోవడానికి పిడి, కాళ్లు పెట్టుకోవడానికి ఆధారం, వెనక చక్రంలో సగానికి తగ్గకుండా కప్పే రక్షణ ఉండాలని అందులో ఉంది. చక్రంలో బట్టలు ఇరుక్కోకుండా అన్నమాట. మనం శారీ గార్డ్ అనేది దాన్నే. మన కుర్రాళ్లు బండి కొన్న వారానికే ‘లుక్ పోతోంది’ అని తీయించేసేదీ దాన్నే. పిడి కూడా ఊడదీయిస్తారు. తరవాత ఆ బండిమీదే అమ్మని గుడికి తీసుకెళ్తారు.

కాగితాల్లో మనమెక్కడ?

బండి కాగితాలు మగవాళ్లు చూసుకుంటారని వదిలేస్తాం. కానీ ఒక్కసారి బీరువాలోంచి ఆ బీమా పాలసీ తీసి చదవండి. కొంచెం చేదుగా ఉంటుంది.

చట్టప్రకారం ప్రతి బండికీ థర్డ్ పార్టీ బీమా ఉండాలి. అంటే మన బండి వల్ల దారిన పోయేవాళ్లకి దెబ్బతగిలితే వాళ్లకి పరిహారం. డబ్బు ఆదా అవుతుందని చాలా ఇళ్లలో అదొక్కటే కట్టి ఊరుకుంటారు. బండి వెనక ఊరికే కూర్చుని వెళ్తున్న మనిషి ఈ ఉత్త థర్డ్ పార్టీ పాలసీ కిందకి రాడని సుప్రీంకోర్టు 2006లో తీర్పు చెప్పింది. అంటే ఎదురుగా వస్తున్న ముక్కూమొహం తెలియని మనిషికి భరోసా ఉంది, మన వెనక కూర్చున్న మన భార్యకి, మన అమ్మకి లేదు! తప్పు ఎదుటి బండిదైతే ఆ బండి బీమా నుంచి అడగవచ్చు. మన బండే జారిపడితే?

దీనికి మందుంది. ‘ప్యాకేజీ’ లేదా ‘కాంప్రిహెన్సివ్’ పాలసీ తీసుకుంటే వెనక కూర్చున్నవారికి కూడా వర్తిస్తుందని బీమా నియంత్రణ సంస్థ 2009లోనే కంపెనీలకి స్పష్టం చేసింది. కాబట్టి పాలసీ పైన ఏ మాట రాసి ఉందో చూడాలి.

ఇంకోటి. బండి యజమాని పేరుమీద 15 లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద బీమా 2018 చివర్లో తెచ్చారు. అది యజమానికి, అదీ లైసెన్సు ఉన్న యజమానికి మాత్రమే. వెనక కూర్చునేవారికి కావాలంటే వేరేగా కొంచెం సొమ్ము కట్టి చేర్చుకోవాలి. మన ఇళ్లలో కలిసొస్తుందనో, పుట్టింటివాళ్లు కొనిచ్చారనో బండి భార్య పేరుమీద ఉంటుంది. నడిపేది భర్త. ఆమెకి లైసెన్సు ఉండదు. అప్పుడు ఆ పదిహేను లక్షల భరోసా ఎవరికీ అందకుండా పోతుంది. కాగితం మీద యజమానురాలు, రోడ్డు మీద ప్రయాణికురాలు, ప్రమాదంలో రెండూ కాదు. కనీసం ఇందుకోసమైనా ఆడవాళ్లు లైసెన్సు తీసుకోవాలా, వద్దా?

కొడుకు బండి అడిగితే

ఇంటర్ పాసైతే బండి, ఈఏపీసెట్‌లో ర్యాంకు వస్తే ఇంకా పెద్ద బండి. ఈ లంచాలు ఈమధ్య పెరిగాయి. సినిమాల్లో హీరో బండెక్కితేనే పాట మొదలవుతుంది. గోవా ఉత్సవాల వీడియోలు ఫోన్లో చూసి పిల్లాడు రాత్రంతా నిద్రపోడు. కొనివ్వకపోతే అలుగుతాడు. కొనిస్తే మనకి నిద్ర ఉండదు.

తల్లి భయం చాదస్తమా? కాదని హైదరాబాద్ రోడ్లే చెబుతాయి. 2010లో నటుడు కోట శ్రీనివాసరావుగారి కుమారుడు, 2011లో క్రికెటర్ అజారుద్దీన్‌గారి కుమారుడు బైకు ప్రమాదాల్లోనే పోయారు. పేరున్న ఇళ్లు కాబట్టి మనకి తెలిసింది. పేరు లేని ఇళ్ల కథలు జిల్లా ఎడిషన్లో నాలుగు లైన్లకి మించవు. 2021 సెప్టెంబరులో నటుడు సాయిధరమ్ తేజ్ హైదరాబాద్ కేబుల్ బ్రిడ్జి దగ్గర స్పోర్ట్స్ బైకు మీంచి జారిపడ్డారు. తలకి హెల్మెట్ ఉంది. చాలా రోజులు ఆస్పత్రిలో ఉన్నా ప్రాణాలతో బయటపడ్డారు, మళ్లీ సినిమాలు చేస్తున్నారు.

పద్దెనిమిది నిండని పిల్లాడికి గేరు బండి ఇస్తే ఏమవుతుందో తల్లులు ముఖ్యంగా తెలుసుకోవాలి. 2019 సవరణ ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే శిక్ష తల్లిదండ్రులకి, బండి యజమానికి పడుతుంది. మూడేళ్ల వరకు జైలు, 25 వేల రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దు. ఆ పిల్లాడికి పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. బండి అమ్మ పేరుమీద ఉంటే ఆ యజమాని అమ్మే! ‘నాకేం తెలుసు, వాళ్ల నాన్నే తాళం ఇచ్చారు’ అని కోర్టులో చెప్పి నెగ్గుకురావడం అంత సులువు కాదు.

పద్దెనిమిది నిండినవాడికి ‘వద్దు’ అన్న ఒక్క మాటతో పని జరగదు. చాటుగా స్నేహితుడి బండి ఎక్కుతాడు. అందుకని కొనేటప్పుడే షరతులు మాట్లాడుకోవాలి. బ్రేకు గట్టిగా నొక్కినా చక్రం బిగుసుకుపోకుండా, బండి జారకుండా చూసే ఏబీఎస్ అనే ఏర్పాటు 125 సీసీ దాటిన కొత్త బళ్లన్నిటికీ 2019 నుంచి తప్పనిసరి. పాతబండి కొంటుంటే అది ఉందో లేదో అడగండి. బండి డబ్బుతోపాటే రెండు మంచి హెల్మెట్లు, జాకెట్టు, చేతికి తొడుగులు కూడా లెక్కలో వెయ్యండి. ‘అవి తరవాత కొనుక్కుంటా’ అంటే ‘బండి కూడా తరవాతే కొందాం’ అనండి.

బండి పక్కన బొమ్మలు

బైకుల ప్రదర్శనకి వెళ్తే ఇంకో రకం ఆడవాళ్లు కనిపిస్తూ వచ్చారు. బండి పక్కన నిలబడి నవ్వుతూ ఉండే అమ్మాయిలు. వాళ్లకి బండి గురించి ఏమీ తెలియనక్కర్లేదు. ఎనిమిది గంటలు ఎత్తుమడమల చెప్పులతో నిలబడటమే ఉద్యోగం. ఎవరి పొట్టకూటిని వాళ్లు సంపాదించుకుంటున్నారు, వాళ్లననేందుకు లేదు. కానీ అమ్మేవాడి ఆలోచన ఏమిటి? కొనేవాడు మగవాడనీ, ఆడది అలంకారమనీ. ఫార్ములా వన్ కార్ల పందేల్లో ఇలా అమ్మాయిల్ని నిలబెట్టే పద్ధతిని 2018లో మానేశారు. అక్కడ మానినంత మాత్రాన పందేలకి జనం రావడం మానలేదు.

ఊరి షోరూముల్లోనూ ఇదే కథ. అమ్మాయి వెళ్లి 350 సీసీ బండి గురించి అడిగితే సేల్స్ కుర్రాడు ఆమె వెనక వచ్చిన నాన్నవైపో, అన్నవైపో చూసి జవాబు చెబుతాడు. ‘మేడమ్, మీకు స్కూటీ చూపించనా?’ అంటాడు. స్కూటీని తక్కువ చేయడం లేదు. నిజానికి మన చిన్న ఊళ్లలో అమ్మాయిల చదువుకీ, ఉద్యోగానికీ ఆ బండి చేసిన మేలు ఏ పథకమూ చేయలేదేమో! మన పక్కనున్న తమిళనాడులో, పుదుక్కోట్టై జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంలో భాగంగా పల్లెటూరి ఆడవాళ్లు వేలమంది సైకిల్ నేర్చుకున్నారు. బస్సు కోసం, మగవాడి కోసం ఎదురుచూడటం తప్పింది. మనకి లూనా, స్కూటీ చేసిన పని అదే.

తేడా ఒకటుంది. ఆ బళ్లమీద ఆడవాళ్లు వెళ్లింది కాలేజీకి, ఆఫీసుకి, కూరగాయలకి. పనికోసం బండి ఇచ్చారు గానీ, ఊరికే గాలికి తిరిగి రమ్మని ఎవరూ ఇవ్వలేదు. ‘ఎక్కడికి?’ అన్న ప్రశ్నకి ‘ఎక్కడికీ లేదు, ఊరికే’ అని జవాబు చెప్పగల స్వేచ్ఛ మగపిల్లాడికి పదహారేళ్లకే వస్తుంది. ఆడపిల్లకి అరవైకీ రాదు. ఆదివారం బండి అడుగుతున్న అమ్మాయిలు అసలు అడుగుతున్నది అదే.

హ్యాండిల్ పట్టిన చేతులు

అలా అడిగి తీసుకున్నవాళ్లు లేకపోలేదు. 1916లోనే అమెరికాలో వాన్ బ్యూరెన్ అక్కచెల్లెళ్లు, అగస్టా, అడెలైన్, చెరో మోటారు సైకిల్ మీద దేశం ఆ చివర నుంచి ఈ చివరకి వెళ్లారు. సైన్యంలో వార్తలు మోసే పనికి ఆడవాళ్లూ పనికొస్తారని చూపించాలని వాళ్ల పట్టుదల. దారిలో వాళ్లని పోలీసులు ఆపింది వేగానికి కాదు, మగవాళ్ల బట్టలు వేసుకున్నందుకు!

మన దేశంలో ఆడ రైడర్ల కోసం ‘బైకర్నీ’ అనే సంఘం 2011లో పుణెలో పుట్టింది. 2018 గణతంత్ర దినోత్సవంలో సరిహద్దు భద్రతా దళపు మహిళల బృందం ‘సీమా భవాని’ మోటారు సైకిళ్ల విన్యాసాలతో రాజ్‌పథ్ మీద అందరినీ లేచి నిలబడేలా చేసింది. బెంగళూరు అమ్మాయి ఐశ్వర్య పిస్సే 2019లో ‘బాహా’ అనే కఠినమైన నేలల మీద జరిగే పందేల్లో మహిళల ప్రపంచ కప్పు గెలిచింది.

మన హైదరాబాద్ నుంచి 2018లో జయభారతి, పియా బహదూర్, శిల్పా బాలకృష్ణన్, శాంతి సుసాన్ అనే నలుగురు మహిళలు బళ్లమీద బయల్దేరి మయన్మార్, థాయ్‌లాండ్, లావోస్, కంబోడియా, వియత్నాం దాకా తిరిగారు. మనదేశంతో కలిపి ఆరు దేశాలు, దాదాపు 17 వేల కిలోమీటర్లు. తెలంగాణ పర్యాటక శాఖ వెనక నిలబడింది. జయభారతి అంతటితో ఆగలేదు. ‘మోవో’ అనే సంస్థ పెట్టి, ఆడవాళ్లకి స్కూటర్లు, ఆటోలు నేర్పించే పని పెట్టుకున్నారు. సరదాగా మొదలైంది ఇంకో పదిమందికి జీవనోపాధి అయింది. అది గమనించదగ్గది.

‘అంత బరువు ఆడవాళ్లు మోయగలరా?’ అనేది మామూలు ప్రశ్న. బండిని ఎవరూ మోయరు, నడుపుతారు. స్కూటీలు వంద కిలోలకి అటూఇటూగా ఉంటాయి. బుల్లెట్ తరహా బండి 190 కిలోల పైమాట. అది పడిపోతే ఏ మగవాడూ వంగి చేతులతో ఎత్తలేడు. బండికి వీపు ఆనించి, ఒక చేత్తో హ్యాండిల్, రెండో చేత్తో వెనక పిడి పట్టుకుని, కాళ్ల బలంతో వెనక్కి నెట్టాలి. నీళ్ల బిందె ఎత్తినట్టే ఇందులోనూ కిటుకే ముఖ్యం, కండ కాదు. కాళ్లు నేలకి అందాలి అన్నది మాత్రం నిజమైన చిక్కే. సీటు ఎత్తు 800 మిల్లీమీటర్లు దాటితే అయిదడుగుల మనిషికి కష్టం. 765 మిల్లీమీటర్ల సీటున్న 350 సీసీ బళ్లు కూడా వచ్చాయి. షోరూములో సిగ్గుపడకుండా ఎక్కి కూర్చుని చూసుకోవాలి.

వెళ్తే ఎలా వెళ్లాలి?

ముందైనా, వెనకైనా, కొడుకునైనా, కూతురినైనా పంపేముందు ఈ నాలుగు మాటలు గుర్తుంచుకోండి.

హెల్మెట్ మీద ఐఎస్ఐ గుర్తు చూడండి. 2021 జూన్ నుంచి ఆ గుర్తు లేని బైకు హెల్మెట్ల అమ్మకం నిషేధం. పట్టీ బిగించాక గడ్డం కింద రెండు వేళ్లకి మించి పట్టకూడదు. ఒకసారి గట్టిగా దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగున్నా పనికిరాదు. భర్త పాత హెల్మెట్ భార్యకి, భార్యది అత్తగారికి అన్న వారసత్వం ఇక్కడ చెల్లదు. ఎవరి తలకి సరిపోయింది వాళ్లకి ఉండాలి.

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు ప్రధాన రహదారి మీదకి రెండు చక్రాల బళ్లని రానివ్వరు. అడ్డదారిన ఎక్కే ప్రయత్నాలు వద్దు. శ్రీశైలం దారిలో అమ్రాబాద్ పులుల అడవిలో రాత్రి ప్రయాణం మూసేస్తారు. తెల్లారాకే బయల్దేరాలి. కోతల కాలంలో మన పల్లెల దారుల్లో సగం రోడ్డు మీద వడ్లు, మొక్కజొన్న ఎండబోసి ఉంటాయి. పక్కన పెట్టిన రాళ్లు చీకట్లో కనిపించవు. వడ్లమీద బ్రేకు వేస్తే బండి జారుతుంది. చలికాలం పొద్దున్నే ఘాట్ రోడ్ల మీద మంచు సరేసరి.

గుంపుగా వెళ్లేటప్పుడు ముందు ఒకరు, చిట్టచివర అనుభవమున్న ఒకరు ఉండాలి. అందరూ నిదానంగా వెళ్లేవారి వేగానికే వెళ్లాలి గానీ, తొందరపడేవారి వేగానికి కాదు. గంటన్నరకోసారి దిగి కాళ్లు చాచుకుని నీళ్లు తాగాలి. ఆడవాళ్లకి ఇంకో లెక్క కూడా ఉంటుంది. మరుగుదొడ్డి ఎక్కడుంది అన్నది. దాని గురించి భయపడి నీళ్లు తాగకుండా వెళ్లడం ఆరోగ్యానికి చేటు. మంచి పెట్రోలు బంకులు, హోటళ్లు ఎక్కడున్నాయో ముందే రాసుకుంటే సరిపోతుంది. పర్సులో మీ రక్తం గ్రూపు, ఇంటి నంబరు రాసిన కాగితం పెట్టుకోండి. 108 నంబరు అందరికీ తెలిసిందే.

ఈ వ్యాసం చదివాక బండి వద్దని తాళాలు దాచమని కాదు. దాచిన తాళం ఎంతకాలం దాగుతుంది? వచ్చే ఆదివారం మీ ఇంట్లో బండి బయటికి తీస్తుంటే మూడు సంగతులు అడగండి. బీమా కాగితం మీద ఏం రాసి ఉంది? రెండో హెల్మెట్ ఏది? మన అమ్మాయికి, లేదా మీకే, నేర్పించడం ఏ ఆదివారం నుంచి మొదలు? మూడింటికీ జవాబు వచ్చాకే గేటు తీయండి.